గర్భంతో ఉండగా థైరాయిడ్ క్యాన్సర్ తేలితే ఆపరేషన్ ఎప్పుడు? 24 వారాల లోపు చూసుకోవాల్సినవి

పానగల్_నర్సు

చర్చ కోసం ఒక కేసు పెడుతున్న. పేరు, ఊరు అడగొద్దు. తొలిచూలు, వయసు 26. మొదటి చెకప్‌ల మెడ మీద గడ్డ చేతికి తగిలింది. 13 వారాలకు స్కాన్ తీస్తే కుడి వైపు 18×12×11 మిల్లీమీటర్లు, టీఆర్5 (క్యాన్సర్ అనుమానం ఎక్కువున్న తరగతి) అని రాసిన్రు. సూది పరీక్షల బెథెస్డా 6 (క్యాన్సరే అన్న తరగతి), పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్. మెడ పక్క బిళ్ళల (లింఫ్ గ్రంథుల) ముచ్చట రిపోర్టుల లేనే లేదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్) 0.9. ఇప్పుడు 15 వారాలు నడుస్తున్నయి. ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నయి. అత్తగారి దిక్కు "కడుపు తీయించి ముందు ఇది చూసుకోవాలె" అంటున్నరు. తల్లిగారు "కాన్పు అయ్యేదాకా కత్తి ముట్టొద్దు" అంటున్నరు. ఏది ఎట్ల తేల్చాలె? లెక్కలతోని చెప్పండి, వాళ్ళకు నేను వివరించాలె.

కాన్పులగది

ముందు కడుపు తీయించే మాట పక్కన పెట్టించండి. పాపిల్లరీ క్యాన్సర్ కోసం గర్భం తీసేస్తే తల్లికి కలిగే లాభం ఏమీ లేదు. ఈ జబ్బు మావి దాటి బిడ్డకు పోదు. 1997లో అమెరికాలో వచ్చిన ఒక పరిశీలనలో గర్భంతో ఉండగా ఈ క్యాన్సర్ తేలిన 61 మందిని, అదే వయసులో గర్భం లేని 528 మందితో పోల్చారు. ఏళ్ళు గడిచాక చూస్తే జబ్బు తిరగబెట్టడంలో, ప్రాణాపాయంలో తేడా కనిపించలేదు. ఆ 61 మందిలో ఎక్కువ మందికి ఆపరేషన్ జరిగింది కాన్పు తర్వాతే.

తల్లిగారి మాట కూడా పూర్తిగా సరికాదు. "కాన్పు దాకా ముట్టొద్దు" అనేది షరతు మీద నిలబడే మాట. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాల ప్రకారం గర్భం మొదట్లో తేలిన పాపిల్లరీ క్యాన్సర్‌ను స్కాన్‌తో కనిపెట్టి ఉండాలి. 24–26 వారాల లోపు గడ్డ గణనీయంగా పెరిగినా, మెడ బిళ్ళల్లో క్యాన్సర్ ఉందని సూది పరీక్షలో తేలినా గర్భంలోనే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఈ రెండూ లేకపోతే కాన్పు తర్వాతకు వాయిదా వేయవచ్చు. గర్భం రెండో సగంలో తేలిన కేసుకూ ఇదే వర్తిస్తుంది.

చేయాల్సి వస్తే రెండో త్రైమాసికంలోనే. మొదటి మూడు నెలల్లో బిడ్డ అవయవాలు తయారవుతుంటాయి, గర్భస్రావం భయం కూడా అప్పుడే ఎక్కువ. 26 దాటాక నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ముప్పు పెరుగుతుంది. అందుకే 14 నుంచి 24 వారాల మధ్య అంటారు. ఈ అమ్మాయి ఇప్పుడు సరిగ్గా ఆ కాలంలోనే ఉంది, కాబట్టి తొందర పడాల్సింది ఆపరేషన్‌కి కాదు, పరీక్షలకి.

ఇంకొకటి. ఇళ్ళల్లో "ఐదో నెల" అని చెప్పుకునే లెక్కతో ఈ నిర్ణయం తీసుకోకండి. ఐదో నెల అంటే ఒకరికి 17 వారాలు, ఇంకొకరికి 21. మొదటి మూడు నెలల స్కాన్‌లో వచ్చిన తేదీని తల్లీబిడ్డ కార్డు మీద ఎర్ర ఇంకుతో రాసి, 24 వారాలు నిండే తేదీ కూడా పక్కనే వేయండి.

స్కానింగ్_పాలమూరు

ఆ రిపోర్టు సగమే. మెడ పక్క బిళ్ళలు చూడని థైరాయిడ్ స్కాన్‌తో ఈ కేసులో ఏ నిర్ణయమూ తీసుకోలేం. వాయిదా వేయవచ్చా లేదా అన్నది గడ్డ కొలత కంటే ముందు బిళ్ళల మీదే ఆధారపడుతుంది. ఈ వారంలోనే మళ్ళీ తీయించండి. రెఫరల్ చీటీ మీద "థైరాయిడ్ స్కాన్" అని మాత్రమే రాస్తే మళ్ళీ అదే వస్తుంది. "మెడ రెండు వైపులా లెవెల్ 2 నుంచి 6 దాకా లింఫ్ గ్రంథులు, గడ్డ శ్వాసనాళానికి, వెనుక పొరకు ఎంత దగ్గర" అని విడిగా రాయాలి.

బిళ్ళ ఉన్నంత మాత్రాన భయం లేదు, దవడ కింద అందరికీ ఉంటాయి. అనుమానించాల్సింది ఎప్పుడంటే: లోపల సున్నపు చుక్కలు, నీటి తిత్తులు, నడుమ ఉండాల్సిన తెల్లటి కొవ్వు గీత పోవడం, అంచు చుట్టూ రక్తనాళాలు, పొడుగ్గా ఉండాల్సింది గుండ్రంగా మారడం. అడ్డం కొలత 8–10 మిల్లీమీటర్లు దాటి ఈ గుర్తులు ఉంటే సూది పరీక్ష చేయాలి.

పెరుగుదల కొలవడం గురించి కూడా చెప్తా, ఇక్కడే తప్పులు ఎక్కువ. మూడు కొలతలు గుణించి 0.52తో మళ్ళీ గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. ఈ కేసులో 18×12×11×0.52 అంటే దాదాపు 1.24 మిల్లీలీటర్లు. ఘనపరిమాణం 50 శాతం పెరిగినా, లేదా రెండు కొలతలు ఒక్కోటి 20 శాతం పెరిగినా దాన్ని "గణనీయం" అంటారు. ఒక్క కొలత రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తే అది పెరుగుదల కాదు. ప్రోబ్ కొంచెం వాలినా ఆ తేడా వస్తుంది. అందుకే అదే మిషన్, వీలైతే అదే డాక్టర్. నల్లగొండలో ఒకసారి, హైదరాబాద్‌లో ఒకసారి తీయించి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పెరిగిందనడం సరికాదు. బొమ్మలు సీడీలో గానీ ఫోన్‌లో గానీ దాచుకుంటే రెండోసారి చూసే డాక్టర్ అదే కోణంలో కొలుస్తారు.

సూదిపరీక్ష

సూది పరీక్ష గర్భంలో ఏ నెలలోనైనా చేయవచ్చు, బిడ్డకు ఏమీ కాదు. బిళ్ళలోంచి తీసేటప్పుడు ఒక చిన్న పని మర్చిపోతుంటారు. స్లైడ్ మీద వేశాక అదే సూదిని ఒక మిల్లీలీటర్ సెలైన్‌లో కడిగి, ఆ నీళ్ళను థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలే తయారుచేసే ప్రొటీన్) పరీక్షకు పంపాలి. బిళ్ళ నీటితిత్తిలా ఉంటే స్లైడ్ మీద కణాలు దొరక్కపోవచ్చు. కడిగిన నీళ్ళలో థైరోగ్లోబ్యులిన్ బాగా ఎక్కువ ఉంటే అది థైరాయిడ్ నుంచి వచ్చిన జబ్బే. సెలైన్ గొట్టం ముందే సిద్ధంగా పెట్టుకోకపోతే ఇంకోసారి గుచ్చాల్సి వస్తుంది.

రక్తంలో థైరోగ్లోబ్యులిన్ మాత్రం గర్భంలో నమ్ముకోవద్దు. గర్భం వల్లే అది పెరుగుతుంది. అది పెరిగిందని జబ్బు ముదిరిందనుకుని కంగారుపడే ఇళ్ళు ఉన్నాయి.

రిపోర్టు పాపిల్లరీ కాకుండా మెడుల్లరీ (ఇంకో రకం థైరాయిడ్ క్యాన్సర్) అని వస్తే ఈ చర్చలోని వాయిదా లెక్కలు పనిచేయవు. అప్పుడు కాల్సిటోనిన్, రెట్ జన్యు పరీక్ష, అన్నిటికంటే ముందు ఫియోక్రోమోసైటోమా (బీపీని ఒక్కసారిగా పెంచే అడ్రినల్ గ్రంథి గడ్డ) లేదని తేల్చుకోవడానికి మెటానెఫ్రిన్ల పరీక్ష కావాలి. అది తెలియకుండా మత్తు ఇచ్చినా, కాన్పు చేసినా తల్లి ప్రాణం మీదికి వస్తుంది. అనాప్లాస్టిక్ (చాలా వేగంగా ముదిరే రకం) అయితే ఆగే ప్రశ్నే లేదు.

కోయిలకొండ_సర్జన్

నా అభిప్రాయం కొంచెం వేరు. మార్గదర్శకం వాయిదా వేయవచ్చంటుంది, వేసి తీరాలనదు. మన జిల్లాల్లో వాయిదా అంటే ఏం జరుగుతుందో చూడాలి. ఏడో నెలలో అమ్మాయి పుట్టింటికి పోతుంది. కాన్పయ్యాక మూడు నెలలో ఐదు నెలలో అక్కడే. ఆ తర్వాత బిడ్డకు టీకాలు, పొలం పనులు. పాలమూరు వైపు అయితే కుటుంబం మొత్తం వలస పోతుంది. ఏడాదిన్నర తర్వాత మెడ పక్క బిళ్ళలతో వస్తే అప్పుడు చేసేది పెద్ద ఆపరేషన్. 18 మిల్లీమీటర్ల గడ్డ, ఒకటే వైపు, బిళ్ళలు లేవంటే ఒక వైపు తమ్మె తీస్తే సరిపోవచ్చు. 17–20 వారాల్లో, అనుభవం ఉన్న చేతిలో అది గంటన్నర, రెండు గంటల పని. తిరిగి వస్తారన్న నమ్మకం లేని చోట నేను దానివైపే మొగ్గుతాను.

కాన్పులగది

సర్జన్ గారూ, మీ ఆందోళన నిజమే. కానీ ఫాలో-అప్ తప్పుతుందన్న భయానికి మందు ఫాలో-అప్‌ను కట్టుదిట్టం చేయడమే. గర్భిణికి మత్తు, కత్తి ఇవ్వడం దానికి జవాబు కాదు. 2009లో అమెరికాలో ఆసుపత్రి రికార్డుల మీద చేసిన పరిశీలనలో థైరాయిడ్, పారాథైరాయిడ్ (థైరాయిడ్ వెనుక ఉండి కాల్షియాన్ని చూసుకునే చిన్న గ్రంథులు) ఆపరేషన్లు చేయించుకున్న గర్భిణులకు, గర్భం లేనివాళ్ళ కంటే ఇబ్బందులు ఎక్కువగానే వచ్చాయి. ఇటు ఆగినందువల్ల వచ్చే నష్టం చూస్తే, చిన్న గడ్డల విషయంలో చాలా తక్కువ. జపాన్‌లో కోబే నగరంలోని కూమా ఆసుపత్రి వాళ్ళు సెంటీమీటరు లోపు పాపిల్లరీ గడ్డలున్న 50 మందిని 51 గర్భాల్లో గమనిస్తే నలుగురికే గడ్డ మూడు మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగింది. ఎవరికీ బిళ్ళలకు పాకలేదు. మన కేసు సెంటీమీటరు కంటే పెద్దది, దాన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా దిశ తెలుస్తుంది.

కోయిలకొండ_సర్జన్

ఒప్పుకుంటాను. ఇటలీ నుంచి 2010లో, 2014లో వచ్చిన పత్రాల్లో గర్భంలో తేలినవాళ్ళకు జబ్బు మిగిలిపోవడం ఎక్కువని ఉంది, అది కూడా ఈ తూకంలో వేయాలి. నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీద. వాయిదా వేసేవాళ్ళు 24 వారాల నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని రావాలి. 24కి స్కాన్ తీసి, పెరిగిందని తెలుసుకుని, హైదరాబాద్‌లో డేట్ దొరికేసరికి 27 అవుతుంది. కాలం దాటిపోతుంది. కాబట్టి ఇప్పుడు 15లో పూర్తి మెడ స్కాన్, 19–20లో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలు చూసేది) రోజే మెడ కూడా, అనుమానం ఉంటే 21–22లో ఇంకోటి. ఆపరేషన్ చేసే చోట ఇప్పుడే ఓపీ చూపించి ఫైలు తెరిచి ఉంచాలి. ఒక్కసారి కూడా చూడని పేషెంటుకు 22 వారాల్లో ఎవరూ వెంటనే డేట్ ఇవ్వరు.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు మెడ సర్జన్ ఉన్నారా అని మాత్రమే అడిగితే చాలదు. కాన్పుల విభాగం, నవజాత శిశువుల ఐసీయూ అదే ఆవరణలో ఉన్నాయా అని అడగాలి. క్యాన్సర్‌కే పరిమితమైన చోట చాలాసార్లు ఇవి ఉండవు.

మత్తుగది

ఆపరేషన్ అనే మాట వస్తే చూసుకోవాల్సినవి చెప్తాను.

మొదట హిమోగ్లోబిన్. మన దగ్గర గర్భిణుల్లో 8, 9 ఉండటం మామూలు. ఐరన్ బిళ్ళలతో వారాల తరబడి ఆగే టైం ఉండదు కాబట్టి మూడు నెలలు దాటినవాళ్ళకు నరానికి ఎక్కించే ఐరన్ ఇప్పుడే మొదలెడితే 19–20 వారాలకు పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు స్వరపేటిక చూపించుకోవాలి. గొంతు నరం ఒకటి ముందే బలహీనంగా ఉంటే రెండో వైపు కత్తి పెట్టే ముందు సర్జన్‌కు తెలియాలి.

బల్ల మీద గర్భిణిని వెల్లకిలా చదునుగా పడుకోబెట్టకూడదు. 20 వారాలు దాటితే కుడి తుంటి కింద మెత్త పెట్టి కొంచెం ఎడమకు వాల్చాలి. లేకపోతే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి బీపీ పడిపోతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. మెడ ఆపరేషన్‌కు భుజాల కింద మెత్త పెట్టి తల వెనక్కి వంచుతారు కాబట్టి ఈ వాలు మర్చిపోయే అవకాశం ఎక్కువ. గర్భంలో పొట్ట ఖాళీ అవడం నమ్మలేం. ఆమ్లం తగ్గించే మందు ముందే ఇచ్చి, ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోకుండా త్వరగా ట్యూబు వేస్తాం. గర్భిణికి బొగ్గుపులుసు వాయువు మామూలుగానే తక్కువ ఉంటుంది, వెంటిలేటర్ మీద దాన్ని 30–32 దగ్గరే ఉంచుతాం. బిడ్డ గుండె చప్పుడు ముందూ వెనుకా విని రాసిపెట్టాలి.

నొప్పికి పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ 20 వారాల తర్వాత వద్దు, బిడ్డ మూత్రపిండాల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గుతుంది. వార్డులో అలవాటు కొద్దీ డైక్లో ఇంజెక్షన్ వేసేస్తుంటారు, కేస్‌షీట్ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

మొదటి రాత్రి మెడ ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం మొదలైతే లోపల రక్తం చేరిందని అర్థం. థియేటర్‌కు తీసుకుపోయేదాకా ఆగకుండా మంచం మీదే కుట్లు విప్పాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉండే సిస్టర్‌కు ఈ మాట ముందే చెప్పి ఉండాలి.

పానగల్_నర్సు

డైక్లో ముచ్చట రాసుకున్న సార్. కాల్షియం గురించి ఎవరన్న చెప్పండి. థైరాయిడ్ మొత్తం తీసినోళ్ళకు చేతులు వంకర్లు పోతయని విన్న, కడుపుతోని ఉన్నోళ్ళకు ఇంక భయం కదా.

హార్మోన్_లెక్కలు

అక్కా, ఇది గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం. రెండు వైపులా తీసినప్పుడు పారాథైరాయిడ్లు దెబ్బతింటే రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కాల్షియం పడుతుంది. పెదాల చుట్టూ, వేళ్ళ కొనల్లో చిమచిమలు మొదటి గుర్తు. గర్భంలో దీనికి ఇంకో ప్రమాదం తోడవుతుంది. కాల్షియం తక్కువైతే గర్భసంచి కండరం చిరాకు పడి ముందే నొప్పులు రావచ్చు. చాలా కాలం తక్కువగా ఉంటే బిడ్డ ఎముకల మీద పడుతుంది. ఒక వైపు మాత్రమే తీస్తే ఈ భయం దాదాపు ఉండదు. గర్భంలో చేయాల్సి వస్తే, జబ్బు ఒప్పుకుంటే, సగమే తీయడానికి మొగ్గేది ఇందుకే.

రిపోర్టు చదవడంలో ఒక మెలిక ఉంది. గర్భంలో ఆల్బుమిన్ తగ్గుతుంది కాబట్టి మొత్తం కాల్షియం తక్కువగా కనిపిస్తుంది. కాల్షియం 8.0, ఆల్బుమిన్ 3.0 వస్తే, 4 కంటే తగ్గిన ఒక్కో గ్రాముకు 0.8 చొప్పున కలిపితే 8.8 అవుతుంది. భయం లేదు. వీలైతే అయనైజ్డ్ కాల్షియం (ఆల్బుమిన్‌కు అంటుకోకుండా విడిగా ఉండే కాల్షియం) పరీక్ష చేయించండి. విటమిన్ డి ముందే చూసి తక్కువుంటే సరిచేస్తే ఆపరేషన్ తర్వాత పడే కష్టం తగ్గుతుంది. లక్షణాలు గట్టిగా ఉంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు పది నిమిషాల మీద, ఈసీజీ చూస్తూ, నరానికి ఇస్తారు. వేగంగా తోస్తే గుండె లయ తప్పుతుంది. తర్వాత కాల్షియం బిళ్ళలు, కాల్సిట్రయాల్ (విటమిన్ డి రకం మందు). ఈమెకే తర్వాత బీపీ పెరిగి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వాల్సి వస్తే, అది కాల్షియాన్ని ఇంకా పడేస్తుంది. కాన్పుల గదిలో ఉండే వాళ్ళకు ఈమె పారాథైరాయిడ్ సంగతి తెలిసి ఉండాలి.

ఇక థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర). వాయిదా వేసిన కేసులో టీఎస్‌హెచ్ 0.3 నుంచి 2.0 మధ్య ఉంచాలని చూస్తాం. ఈమెకు 0.9 కాబట్టి ఇప్పుడు బిళ్ళ అవసరం లేదు, నాలుగు వారాలకోసారి చూస్తూ పోవాలి. మొదటి మూడు నెలల్లో గర్భం హార్మోన్ వల్ల టీఎస్‌హెచ్ దానంతట అదే తగ్గుతుంది, తర్వాత పెరుగుతుంది. రెండు దాటితే చిన్న డోసు మొదలెడతాం. మొత్తం తీసేస్తే బరువుకు కిలోకు 1.6 నుంచి 2 మైక్రోగ్రాములు, మర్నాటి నుంచే.

మందు బిళ్ళల టైం గురించి ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. ఏఎన్ఎం ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలు థైరాక్సిన్‌తో కలిస్తే అది ఒంటికి పట్టదు. నాలుగు గంటల ఎడం కావాలి. పొద్దున 6కి మంచినీళ్ళతో థైరాక్సిన్, పదిన్నరకు తిన్నాక కాల్షియం, మధ్యాహ్నం 3కి ఐరన్, రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ కాల్షియం. టీఎస్‌హెచ్ తగ్గడం లేదని డోసు పెంచుకుంటూ పోయే ముందు ఈ టైములు అడగాలి.

మునుగోడు_చదువరి

మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనే ఈ గడ్డలు క్యాన్సర్ అయితున్నయని అంటున్నరు. నిజమా?

హార్మోన్_లెక్కలు

ఫ్లోరైడ్ నల్లగొండ జనాన్ని ఎముకల్లో, పళ్ళల్లో ఎంత కాల్చుకుతిన్నదో అందరికీ తెలుసు. కానీ థైరాయిడ్ క్యాన్సర్‌కు దాన్ని ముడిపెట్టే గట్టి ఆధారం లేదు. ఆ ఆలోచనతో ఆమె తాగిన నీళ్ళను తిట్టుకుంటూ కూర్చోవద్దు. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలిందా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, ఈ రెండూ అడగండి.

దేవరకొండ_మిత్ర

ఖర్చు గురించి. క్యాన్సర్ ఆపరేషన్లు మన తెలంగాణ ఆరోగ్యశ్రీల ఉన్నయి, 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి పరిమితి 10 లక్షలు. నెట్‌వర్క్ ఆసుపత్రిల ఆరోగ్యమిత్రను ఓపీ రోజే కలవండి. సూది పరీక్ష రిపోర్టు, స్కాన్ బొమ్మలు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ అసలు కాగితాలు తీస్కపోవాలె. పెళ్ళయినంక రేషన్ కార్డుల పేరు ఎక్కకపోతే అక్కడ ఆగిపోతరు, అది ఈ వారమే సరిచేయించుకోవాలె. ఊళ్ళె చెకప్‌లకు 102 బండి వస్తది, హైదరాబాద్ ప్రయాణం దాని మీద పెట్టుకోవద్దు.

పానగల్_నర్సు

కొత్త కాగితాలు వచ్చినయి. 15 వారాల పూర్తి మెడ స్కాన్‌ల బిళ్ళలు మామూలు, గడ్డ గ్రంథి లోపలే ఉంది. అదే మిషన్ మీద టిఫా రోజు, 19 వారాల 4 రోజులకు, 20×14×12. టీఎస్‌హెచ్ 1.6. రెండేసి మిల్లీమీటర్లు పెరిగిందని ఇంట్లో మళ్ళ లొల్లి మొదలైంది.

స్కానింగ్_పాలమూరు

20×14×12×0.52 దాదాపు 1.75. పాతది 1.24. పెరిగింది 41 శాతం. పొడవు 11 శాతం, వెడల్పు 17, లోతు 9. 50 దాటలేదు, 20 శాతం దాటిన కొలత ఒక్కటీ లేదు. లెక్క ప్రకారం గణనీయం కాదు, కానీ గీతకు దగ్గరగా ఉంది కాబట్టి వదిలేయలేం. 21 వారాల 4 రోజులకు అదే చోట మళ్ళీ తీయించండి. అప్పుడు 22×15×13 లాంటిది వస్తే 2.23 అవుతుంది, 80 శాతం మీద, రెండు కొలతలు 20 దాటినట్టు. అప్పుడు గర్భంలోనే ఆపరేషన్ అనాలి.

కోయిలకొండ_సర్జన్

22వ వారానికి థియేటర్ డేట్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి. స్కాన్ బాగుంటే రద్దు చేసుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. నిలకడగా ఉంటే 30 వారాల ప్రాంతంలో ఇంకో స్కాన్, కాన్పయిన ఆరు వారాల తర్వాత ఆపరేషన్. ఆ డేట్‌ను తొమ్మిదో నెలలోనే రాయించుకోవాలి. పుట్టింటి ఫోన్ నంబరు, అక్కడి ఆశా కార్యకర్త నంబరు రెండూ ఫైలు మీద ఉండాలి. తల్లిగారికి కూడా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, ఐదు నెలలు పంపమంటే కుదరదని.

కాన్పులగది

థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నందుకు సిజేరియన్ అక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5, 2019–21) లెక్కల్లో మన తెలంగాణలో 60 శాతం కాన్పులు ఇప్పటికే కోతలే, దానికి ఈ కారణం కూడా చేర్చొద్దు. గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతుంటే మాత్రం మత్తు డాక్టర్‌కు ముందే చూపించాలి.

పానగల్_నర్సు

కాన్పు తర్వాత ఆపరేషన్ అయితే పాలు మాన్పియ్యాల్నా? ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

హార్మోన్_లెక్కలు

ఆపరేషన్ కోసం మాన్పనక్కర్లేదు. థియేటర్‌కు పోయే ముందు పిండి దాచిపెడితే ఆ పూటకు సరిపోతుంది, తల్లికి పూర్తిగా తెలివొచ్చి బిడ్డను ఎత్తుకోగలిగితే పాలివ్వవచ్చు. థైరాక్సిన్ కూడా పాలకు అడ్డు కాదు. మాన్పాల్సింది రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక మందు) ఇవ్వాల్సి వస్తేనే. గర్భంలో అది నిషేధం, ఎందుకంటే పది పన్నెండు వారాల నుంచి బిడ్డ థైరాయిడ్ అయోడిన్ లాక్కుంటుంది. కాన్పు తర్వాత ఇవ్వాలంటే కనీసం ఆరు వారాలు, వీలైతే మూడు నెలలు ముందే పాలు పూర్తిగా ఆపాలి. లేకపోతే మందు రొమ్ములో చేరుతుంది. ఆ బిడ్డకు మళ్ళీ పాలివ్వకూడదు, తర్వాతి గర్భానికి కనీసం ఆరు నెలలు ఆగాలి. అయితే రెండు సెంటీమీటర్ల లోపు, బిళ్ళలు లేని గడ్డకు చాలాసార్లు రేడియో అయోడిన్ అవసరమే ఉండదు. పాథాలజీ రిపోర్టు వచ్చాకే ఆ మాట. ఇప్పటికైతే ఆమెకు చెప్పండి, బిడ్డకు పాలిచ్చుకోవచ్చని.